ఇంగ్లీషు ఇడియమ్స్: అర్థంతో పాటు రూపాన్నీ పట్టుకోవడం ఎలా?

ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్లు కూడా ఒక్కోచోట టక్కున ఆగిపోతారు. వాక్యంలో ప్రతి మాటా తెలిసిందే ఉంటుంది, వాక్యం మాత్రం కొరుకుడు పడదు. ‘షి వాజ్ ఫీలింగ్ అండర్ ద వెదర్, సో షి కాల్డ్ ఇట్ ఎ డే’ అనే వాక్యాన్ని తీసుకోండి. వెదర్ అంటే వాతావరణమని తెలుసు, డే అంటే రోజని తెలుసు. ఆమె వాతావరణం కింద ఉండడమేమిటో, దేన్నో ‘రోజు’ అని పిలవడమేమిటో తెలియదు. ఇంతకీ విషయం చిన్నదే: ఆమెకు ఒంట్లో బాగాలేదు, అందుకని ఆ పూటకి పని చాలించింది.

వీటినే ఇడియమ్స్ అంటారు. మన జాతీయాల లాంటివే. ‘అడిగితే నీళ్లు నమిలాడు’ అని ఎవరైనా అంటే మనం నీళ్ల గురించి ఆలోచించం. చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం కాబట్టి అర్థం దానంతటదే తడుతుంది. ఇంగ్లీషు విషయంలో ఆ వినికిడి చాలామందికి ఉండదు. అందుకే ఎడమవైపు ఇడియం, కుడివైపు అర్థం రాసి ఉన్న జాబితాలు బట్టీ పడతాం. చదివేటప్పుడు గుర్తుపట్టడానికి ఆ జాబితా కొంత పనికొస్తుంది. సొంతంగా ఒక వాక్యం రాయబోతే మాత్రం ‘ఎ’ పెట్టాలా ‘ద’ పెట్టాలా, ‘మై’ రావాలా ‘హిజ్’ రావాలా అని టెన్షన్ మొదలవుతుంది. ఆ జాబితాలో అర్థం ఉంది గానీ రూపం లేదు. ఇడియమ్‌లో ఏ మాట కదలకూడదు, ఏ మాట మారవచ్చు, ఎక్కడ ఖాళీ ఉంది అన్నది తెలిసినప్పుడే అది మీ చేతికి వచ్చినట్టు. దీన్ని ఎలా సాధించాలో వరసగా చూద్దాం.

ముందు అనుమానించండి

తెలిసిన మాటలతోనే తలాతోకా లేని అర్థం వస్తుంటే అక్కడ ఇడియం ఉందని అనుమానించండి. ఇది తేలికైన రకం. మామూలు అర్థంతోనూ వాక్యం నిలబడే రకం ఇంకోటి ఉంది, మోసపోయేది అక్కడే. ‘హి గాట్ కోల్డ్ ఫీట్ బిఫోర్ ద ఇంటర్వ్యూ’ అంటే పాదాలు చల్లబడ్డాయనే అనుకోవచ్చు, తప్పేమీ కనిపించదు. కానీ అసలు సంగతి ఏమిటంటే ఇంటర్వ్యూ ముందు అతనికి ధైర్యం చాలలేదు. ‘వి ఆర్ ఇన్ ద సేమ్ బోట్’ కూడా అంతే. దగ్గర్లో పడవ లేదంటే, మాట్లాడుతున్నవాళ్లందరికీ ఒకే ఇబ్బంది వచ్చిందని అర్థం. ఉన్నట్టుండి కథలో లేని వస్తువో, జంతువో, శరీర భాగమో వాక్యంలోకి వస్తే ఒక్క క్షణం ఆగండి.

హద్దులు గీయండి

అనుమానం వచ్చాక ఇడియం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పెన్సిల్‌తో గీత గీయండి. ‘షి ఫైనల్లీ టుక్ ద బుల్ బై ద హార్న్స్ అండ్ కాల్డ్ హర్ బాస్’ అన్నప్పుడు ‘టుక్ ద బుల్’ దగ్గర ఆగితే ఏమీ దొరకదు. ‘టేక్ ద బుల్ బై ద హార్న్స్’ అంతా ఒకటే ముక్క. కష్టమైన పనికి వెనకాడకుండా ఎదురెళ్లడం అని దాని అర్థం. దానికి ముందు వచ్చిన ‘ఫైనల్లీ’ ఆ ముక్కలోది కాదు, రాసినవారు చేర్చుకున్నది.

కొన్నిసార్లు ఇడియంలో సగమే కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఒక్కోసారి తెలిసిన సామెతను సగంలో వదిలేస్తారు. ‘వెల్, వెన్ ఇన్ రోమ్...’ అని ఆగిపోతే మిగతాది ‘డూ యాజ్ ద రోమన్స్ డూ’ అని వినేవారు పూరించుకోవాలి. ఎక్కడికి వెళ్తే అక్కడి పద్ధతిలో నడుచుకోవాలన్నది దాని భావం. ‘ద లాస్ట్ స్ట్రా’ అన్నదీ అలాంటిదే. మోయలేనంత బరువున్న ఒంటె మీద ఆఖరి గడ్డిపోచ వేస్తే దాని నడుం విరిగిందన్న పెద్ద సామెతలో మిగిలిన చిన్న ముక్క అది. ఇక ఓర్చుకోలేం అనిపించే ఆఖరి చిన్న సంఘటనకు వాడతారు.

డిక్షనరీ తెరవకముందే ఊహించండి

ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు, మంచి సందర్భమా చెడ్డదా, తర్వాతి వాక్యం ఏం చెబుతోంది అని చూసుకుంటే సగం విషయం తేలిపోతుంది. ఊహ తప్పినా నష్టం లేదు. ముందు ఊహించి తర్వాత సరిచూసుకున్న అర్థం, నేరుగా చదివిన అర్థం కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

డిక్షనరీలో ఎక్కడ వెతకాలి, ఏం చదవాలి

ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం తయారైన డిక్షనరీల్లో ఇడియమ్స్‌ను సాధారణంగా అందులోని మొదటి ముఖ్యమైన మాట కింద ఇస్తారు. ‘ద’, ‘ఎ’, ‘ఇన్’ లాంటివి లెక్కలోకి రావు. ‘స్పిల్ ద బీన్స్’ కోసం ‘స్పిల్’ దగ్గర చూడండి, లేకపోతే ‘బీన్’ దగ్గర చూడండి.

దొరకగానే అర్థం చదివేసి మూసేయకండి. ఆ వరుసలో ఇంకో రెండు విషయాలు ఉంటాయి. ఒకటి, ఇడియం పక్కన ఇచ్చే గుర్తు: ఇన్‌ఫార్మల్, ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, హ్యూమరస్, డిజప్రూవింగ్ వంటివి. మీరు దాన్ని ఆఫీసు మెయిల్‌లో రాయొచ్చా, పెద్దవాళ్ల ముందు అనొచ్చా అన్నది ఆ ఒక్క మాటే చెబుతుంది. రెండోది, ‘సమ్‌బడీ’, ‘సమ్‌థింగ్’, ‘వన్స్’ (‘ఒకరి’ అనే అర్థంలో) అనే మాటలు. అవి ఇడియంలో ఉన్న ఖాళీలు. వాటిని అలాగే పలకకూడదు, మీ వాక్యానికి తగిన మాటతో నింపాలి.

రూపాన్ని పరీక్షించండి

ఎక్కువ సమయం కేటాయించాల్సింది ఇక్కడే.

మొదట ఖాళీల సంగతి. డిక్షనరీలో ‘లూజ్ వన్స్ టెంపర్’ అని ఉంటుంది, కోపం ఆపుకోలేకపోవడం అని అర్థం. ‘వన్స్’ లేదా ‘యువర్’ అని రాసిన చోట పని చేస్తున్న మనిషికే చెందిన మాట వస్తుంది. నేనైతే ‘ఐ లాస్ట్ మై టెంపర్’, ఆమె అయితే ‘షి లాస్ట్ హర్ టెంపర్’. ‘సమ్‌బడీస్’ అని ఉంటే మాత్రం ఆ ఖాళీలో ఇంకొకరు రావాలి. ‘పుల్ సమ్‌బడీస్ లెగ్’ అంటే ఎదుటివాళ్లను ఆటపట్టించడం కాబట్టి ‘ఐ వాజ్ పుల్లింగ్ హర్ లెగ్’ అంటాం. ‘ఐ వాజ్ పుల్లింగ్ మై లెగ్’ అంటే నవ్వుతారు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే ఎన్నో తప్పులు తగ్గుతాయి. ‘హోల్డ్ యువర్ హార్సెస్’ లాంటివి కొన్ని మరీ గట్టివి. ‘ఆగు, తొందరపడకు’ అని ఎదుటివారితో అనడానికి తప్ప అది దాదాపు ఎక్కడా ఒదగదు.

తర్వాత చిన్న మాటలు. తెలుగులో ‘ఎ’, ‘ద’ లాంటివి లేవు కాబట్టి మన కన్ను వాటిని దాటేస్తుంది. ఇడియంలో అవే ప్రాణం. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. దానికి ‘ద’ చేర్చి ‘టేక్ ద ప్లేస్ ఆఫ్’ అంటే ఒకదాని స్థానంలోకి మరొకటి రావడం. ఏకవచనం, బహువచనం కూడా ఇంతే. ‘కోల్డ్ ఫీట్’ ఎప్పుడూ ‘ఫీట్’గానే ఉండాలి, ‘కోల్డ్ ఫుట్’ అంటే నిజంగా చల్లబడిన ఒక పాదమే.

మాటల వరస మరో సంగతి. జంట మాటల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది భాష ఎప్పుడో తేల్చేసింది. ‘సేఫ్ అండ్ సౌండ్’ అంటే క్షేమంగా, ‘ఆడ్స్ అండ్ ఎండ్స్’ అంటే చిల్లరమల్లర వస్తువులు. తిప్పి చెబితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం ‘చావుబతుకుల మధ్య ఉన్నాడు’ అంటాం, చావు ముందు. ఇంగ్లీషులో ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’, బతుకు ముందు. మన వరసను అక్కడికి తీసుకెళ్తే కుదరదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పరీక్ష. ఇడియం అర్థాన్ని అందులోని మాటలకు పంచి చూడండి. ‘స్పిల్ ద బీన్స్’ అంటే రహస్యం బయటపెట్టడం. ‘స్పిల్’కు బయటపెట్టడం, ‘బీన్స్’కు రహస్యం అని చక్కగా పంచవచ్చు. ‘బరీ ద హాచెట్’ (చిన్న గొడ్డలిని పాతిపెట్టడం) అంటే పగ మానుకోవడం. ‘హాచెట్’కు పగ, ‘బరీ’కి మానుకోవడం వచ్చాయి. ‘పుల్ స్ట్రింగ్స్’ అంటే తెరవెనక పలుకుబడి ఉపయోగించడం, ఇందులోనూ ‘స్ట్రింగ్స్’ అంటే పలుకుబడి. ఇక ‘కిక్ ద బకెట్’ చూడండి. చనిపోవడం అని అర్థం. ఇందులో ‘బకెట్’ వాటాకు ఏమొస్తుంది? ఏమీ రాదు. మూడు మాటలూ కలిసి ఒకే ముద్ద.

అర్థం పంచుకోగలిగిన ఇడియం సాధారణంగా రూపంలోనూ వంగుతుంది. ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అనవచ్చు, ‘ద హాచెట్ వాజ్ బరీడ్ యియర్స్ అగో’ అనవచ్చు, ‘హి పుల్డ్ ఎ ఫ్యూ స్ట్రింగ్స్’ అని మధ్యలో మాట దూర్చవచ్చు. ముద్దగా ఉన్నది వంగదు. ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అంటే ఎవరో బకెట్‌ను తన్నారనే తప్ప ఎవరూ పోయారని అర్థం రాదు. భాషాశాస్త్రవేత్తలు జెఫ్రీ నన్‌బర్గ్, ఐవన్ సాగ్, థామస్ వాసో 1994లో ఈ తేడాను వివరంగా చర్చించారు. మామూలు పాఠకుడికి అందులో కావలసింది ఒక్కటే: అర్థానికీ రూపానికీ లంకె ఉంది. అందువల్ల ప్రతి ఇడియమ్‌కూ వేరే వ్యాకరణం బట్టీ పట్టనక్కర్లేదు. అనుమానమొస్తే అర్థాన్ని మాటలకు పంచి చూడండి, కుదరకపోతే రూపాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు వాడండి.

ఎంత బిగుసుకున్న ఇడియంలోనైనా క్రియ కాలాన్ని బట్టి మారుతుంది. ‘కిక్డ్ ద బకెట్’, ‘కాల్డ్ ఇట్ ఎ డే’ అంటాం. ‘హిట్ ద నెయిల్ ఆన్ ద హెడ్’, అంటే సరిగ్గా అసలు విషయం చెప్పడం, భూతకాలంలోనూ ‘హిట్’గానే ఉంటుంది, ఎందుకంటే విడిగా కూడా ‘హిట్’ మారదు. ఇక్కడ సూక్ష్మమైన విషయం ఒకటుంది. జబ్బుచేసిన మనిషి గురించి ‘హి వాజ్ డయింగ్ ఫర్ వీక్స్’ అనవచ్చు గానీ ‘హి వాజ్ కికింగ్ ద బకెట్ ఫర్ వీక్స్’ అనరు. తన్నడం ఒక్క క్షణంలో అయిపోయే పని. అర్థం మారినా ఆ క్రియ స్వభావం ఇడియంలో మిగిలే ఉంది.

చివరగా, కొన్ని ‘లేదు, కాదు’ అన్న వాక్యాల్లోనే బతుకుతాయి. ‘హి డిడ్‌న్ట్ లిఫ్ట్ ఎ ఫింగర్’ అంటే ఇసుమంత సాయం కూడా చేయలేదని. దాన్ని తిప్పి ‘హి లిఫ్టెడ్ ఎ ఫింగర్’ అంటే వేలు పైకెత్తాడనే. ‘ఐ డిడ్‌న్ట్ స్లీప్ ఎ వింక్’, అంటే కంటిమీద కునుకు లేదు, కూడా ఇలాంటిదే. మన ‘కునుకు లేదు’లోనూ ఆ ‘లేదు’ ఉండడం గమనించండి.

తెలుగులో జత వెతకండి, జాగ్రత్తగా

‘క్రొకడైల్ టియర్స్’కు మొసలి కన్నీరు, ‘కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్’కు ఒకే దెబ్బకు రెండు పిట్టలు అచ్చంగా సరిపోతాయి. ‘మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్’లో మోల్ అనే చిన్న జంతువు తవ్విన మట్టికుప్ప ఉంటే మన దగ్గర గోరు ఉంది, కొండ రెండు చోట్లా ఉంది. ‘ది యాపిల్ ఆఫ్ వన్స్ ఐ’ అన్నది వినగానే యాపిల్ పండుకూ ప్రేమకూ సంబంధమేమిటని అనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో కంటిలోని నల్లగుడ్డును కూడా యాపిల్ అనేవారు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లోనూ ఈ మాట ఉంది. అంటే మనం ‘కంటిపాపలా చూసుకుంటారు’ అనేదే.

ఇంత బాగా కుదిరేసరికి ఎక్కడైనా ఇలాగే ఉంటుందని ధీమా వస్తుంది, ప్రమాదం అక్కడే. ‘పుల్ సమ్‌బడీస్ లెగ్’ చూసి కాళ్లు పట్టి లాగడం అనుకుంటే పూర్తిగా దారి తప్పినట్టే. తెలుగులో అది ఎదుగుతున్నవాణ్ణి కిందికి లాగే దుర్మార్గం, ఇంగ్లీషులో సరదాగా ఆటపట్టించడం. అలాగే ‘బైట్ సమ్‌బడీస్ హెడ్ ఆఫ్’ అంటే మనం అనే తల తినడం కాదు, చిన్న విషయానికే కస్సుమని లేవడం. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడూ ఇదే ఇబ్బంది. ‘డోంట్ ఈట్ మై హెడ్’ అంటే మనలో మనకు తెలుస్తుంది. మన భాషలు తెలియనివారు తెల్లమొహం వేస్తారు.

అందుకని జత దొరికినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది మెచ్చుకోలా, తిట్టా, సరదానా? ఆ స్వరం రెండు భాషల్లోనూ ఒకటేనా? రెండో దానికి అవునని గట్టిగా చెప్పలేకపోతే, జత కట్టకుండా అర్థాన్ని మామూలు మాటల్లో రాసుకోండి.

పుట్టుక కథలను నమ్మేముందు

కథ తెలిస్తే ఇడియం మరిచిపోవడం కష్టం. 1709లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో జాన్ డెనిస్ అనే రచయిత తన నాటకం కోసం ఉరుముల శబ్దం వచ్చే కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఆ నాటకం ఎక్కువ రోజులు ఆడలేదు. కొన్నాళ్లకు అదే నాటకశాలలో వేరే నాటకంలో తన ఉరుములు వినిపించేసరికి, నా ఉరుములు దొంగిలించారని మండిపడ్డాడంటారు. ‘స్టీల్ సమ్‌బడీస్ థండర్’, ఒకరికి రావలసిన పేరును ఇంకొకరు కొట్టేయడం, దానికి ముడిపడిందే.

‘రీడ్ ద రయట్ యాక్ట్’ వెనక ఏకంగా ఒక చట్టమే ఉంది. 1715లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం పన్నెండు మంది లేదా అంతకు మించి గుంపుగూడి గొడవ చేస్తే, అధికారి వాళ్ల ముందు ఒక ప్రకటన చదివేవాడు. గంటలోగా చెదిరిపోకపోతే కఠిన శిక్ష. ఇప్పుడు ఎవరినైనా గట్టిగా హెచ్చరించి మందలిస్తే ఆ మాట వాడతారు. చట్టం పోయింది, మాట మిగిలింది.

‘బై అండ్ లార్జ్’ విషయంలో కథ రూపాన్ని కూడా వివరిస్తుంది. మొత్తం మీద అనే అర్థంలో వాడే ఈ మాటలో ‘బై’ పక్కన ‘లార్జ్’ ఎందుకుందో వ్యాకరణం చెప్పలేదు. తెరచాప ఓడల కాలంలో ‘బై’ అంటే గాలికి ఎదురుగా వీలైనంత దగ్గరగా నడపడం, ‘లార్జ్’ అంటే గాలి వెనకనుంచి వస్తుండగా నడపడం. రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడ అంటే అన్నివిధాలా మంచిదని.

కానీ చాలా కథలు కల్పితాలు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (కుండపోత వాన) గురించి, ఇళ్ల గడ్డి కప్పుల మీద పడుకున్న జంతువులు వానకు జారి కింద పడేవని చెప్పే కథ 1999లో ఈమెయిళ్లలో చక్కర్లు కొట్టింది, దానికి ఆధారం లేదు. కథ మరీ ముద్దుగా, మరీ పూర్తిగా ఉంటే అనుమానించండి. గుర్తుంచుకోవడానికి వాడుకోండి గానీ ఇంకొకరికి నిజమని చెప్పకండి.

ఎక్కడ, ఎవరితో

‘కిక్ ద బకెట్’ నవ్వులాటగా అనే మాట. సంతాప సందేశంలో రాస్తే ఎదుటివాళ్ల మనసు గాయపడుతుంది. అక్కడ ‘పాస్డ్ అవే’ అనే మెత్తని మాట ఉంది. అర్థం ఒకటే అయినా ఒకదాని బదులు ఇంకోటి రాకూడని చోటుకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆఫీసు మాటల్లో ‘ఆన్ ద సేమ్ పేజ్’ (ఒకే అభిప్రాయంతో ఉండడం), ‘కీప్ సమ్‌బడీ ఇన్ ద లూప్’ (ఎప్పటికప్పుడు విషయం తెలియజేయడం) లాంటివి ఇబ్బంది పెట్టవు. పరీక్ష వ్యాసంలో, దరఖాస్తులో మాత్రం సూటైన మాటే మేలు.

బ్రిటన్, అమెరికా తేడాలు ఉంటాయి. బీట్ అబౌట్ ద బుష్, బీట్ అరౌండ్ ద బుష్ ఒకటే, అసలు విషయానికి రాకుండా చుట్టూ తిప్పడం. మొదటిది బ్రిటిష్, రెండోది అమెరికన్. దిష్టి తగలకూడదని అనే టచ్ వుడ్, నాక్ ఆన్ వుడ్ కూడా అంతే. ఏదైనా తప్పు కాదు, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉంటే చాలు.

నోట్‌బుక్‌లో ఎలా రాసుకోవాలి

ఒక్కో ఇడియమ్‌కు అర పేజీ ఇవ్వండి. పైన డిక్షనరీలో ఉన్న రూపం రాసి, ఖాళీలున్న చోట గీత పెట్టండి: ‘పుల్ ____స్ లెగ్’. దాని కింద మీరు చదివిన చోట దొరికిన వాక్యాన్ని మొత్తంగా ఎక్కించండి, ముక్క కాదు. తర్వాత మీ జీవితంలో నిజంగా జరిగిన దానిమీద సొంత వాక్యం ఒకటి రాయండి. ఆ సొంత వాక్యాన్నే మనిషిని మార్చి, కాలాన్ని మార్చి, లేదు అని మార్చి ఇంకో మూడుసార్లు రాయండి. ఎక్కడ బెసుకుతుందో అక్కడే మీకు రూపం పూర్తిగా తెలియలేదని అర్థం. అప్పుడు ఆ మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతకండి. వార్తాపత్రికల్లో, ఇంటర్వ్యూల్లో అదే రూపం విరివిగా కనిపిస్తే మీ వాక్యం నిలబడుతుంది. ఎక్కడా కనిపించకపోతే కొట్టేసి, కనిపించిన రూపాన్ని దాని పక్కనే రాసుకోండి. కొట్టేసినదాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచండి, తిరగేసినప్పుడు రెండూ పక్కపక్కనే కనబడాలి.